జీనోమ్ పనికి యంత్రం కొనాలా?

బళ్ళారిలో ఎమ్మెస్సీ చేసే పిల్లల్నో, పీజీ డాక్టర్లనో జీనోమ్ మీద ఏదైనా చేయకూడదా అని అడగండి. "అదంతా బెంగళూరు వాళ్ళ వ్యవహారం సార్" అంటారు. ఈ మాట వెనక నాలుగైదు అపోహలున్నాయి.

అపోహ: సొంత సీక్వెన్సింగ్ యంత్రం లేని ల్యాబ్ ఇందులోకి దిగకూడదు.

వాస్తవం: పెద్ద యంత్రం ధర కోట్లలో ఉంటుంది. కొన్నాక కూడా ఒక విడతకు సరిపడా శాంపిళ్ళు జమ కాకుండా నడిపితే రసాయనాల ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే పేరున్న సంస్థలు కూడా బయట చేయించుకుంటాయి. బెంగళూరులో సీ-క్యాంప్ అనే సంస్థ రుసుము తీసుకుని ఎవరి శాంపిళ్ళైనా చదివిపెడుతుంది. మెడ్‌జీనోమ్, జీనోటిపిక్ లాంటి ప్రైవేటు సంస్థలూ అక్కడే ఉన్నాయి. హైదరాబాద్‌లో న్యూక్లియోమ్ ఉంది. బళ్ళారి నుంచి ఎటు బయల్దేరినా ఒక రాత్రి ప్రయాణం. కర్ణాటక, ఆంధ్ర సరిహద్దులో ఉన్నందుకు కనీసం ఈ లాభమైనా వాడుకోవాలి.

అపోహ: మొత్తం జీనోమ్ చదివితేనే అది పరిశోధన.

వాస్తవం: 2021 చివర్లో గుంటూరు, ఖమ్మం మొదలుకొని బళ్ళారి దాకా మిర్చి పూతను నల్ల తామర పురుగు ఊడ్చేసింది. పాత తామర పురుగు లేత ఆకుల్ని ముడుచుకుపోయేలా చేస్తుంది. ఇది పూలలో గుంపులుగా చేరింది. మందులు మార్చి మార్చి కొట్టినా లొంగలేదు. ఇది థ్రిప్స్ పార్విస్పైనస్ అనే వేరే జాతి అని తేల్చడానికి ఎవరూ దాని జీనోమ్ మొత్తం చదవలేదు. ఆకార లక్షణాలు చూశారు, మైటోకాండ్రియా జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్క చదివారు. అలాంటి ముక్కను సాంగర్ పద్ధతిలో చదవడానికి ఒక్కో శాంపిల్‌కు అయ్యేది వందల రూపాయలే. ప్రశ్న చిన్నదైతే ఖర్చూ చిన్నదే.

అపోహ: శాంపిల్ పంపి డబ్బు కడితే జవాబు కంపెనీయే చెబుతుంది.

వాస్తవం: ఎక్కువ ప్రాజెక్టులు మునిగేది ఇక్కడే. సండూరు ఇనుప గనుల మట్టిలో ఏ బాక్టీరియా ఉందో చూద్దామనుకున్నారనుకోండి. గని దగ్గర ఒక డబ్బా, జొన్నచేనులో ఒక డబ్బా మట్టి తీసి పంపారు. రంగురంగుల పటాలతో రిపోర్టు వస్తుంది. కానీ ఆ తేడా గనిదో, ఆ రెండు గుంటలదో ఎవరూ చెప్పలేరు. ఒకే డబ్బాను పదింతలు లోతుగా చదివించినా ఉపయోగం లేదు. ఒక్కోచోట విడివిడిగా కనీసం మూడు, మట్టికైతే ఐదారు శాంపిళ్ళు కావాలి. గని మట్టికి ఒక కిట్, పొలం మట్టికి ఇంకో కిట్ వాడితే కిట్ల మధ్య తేడాయే మట్టి తేడాలా కనిపిస్తుంది. బాక్టీరియాను గుర్తించడానికి వాడే 16ఎస్ జన్యువులో ముక్క చదివించినప్పుడు ప్రజాతి దాకా తెలుస్తుంది, జాతి పేరు చాలాసార్లు నమ్మకంగా తేలదు.

నానోడ్రాప్‌లో డీఎన్‌ఏ కొలిచినప్పుడు కనిపించిన అంకెను చూసి మురిసిపోకూడదు. అది ఆర్‌ఎన్‌ఏనూ కలిపి లెక్కేస్తుంది. క్యూబిట్‌తో కొలిస్తే అసలు డీఎన్‌ఏ ఎంతో తెలుస్తుంది. ఆర్‌ఎన్‌ఏ పంపాలంటే బళ్ళారి ఏప్రిల్ ఎండలో ఐస్ ప్యాకులు ఆగవు, డ్రై ఐస్ కావాల్సిందే.

కొటేషన్ అడిగేటప్పుడే కొన్ని సంగతులు రాతపూర్వకంగా తీసుకోవాలి: ఒక్కో శాంపిల్‌కు ఎన్ని రీడ్లు (చదివిన డీఎన్‌ఏ ముక్కలు) ఇస్తారు, తక్కువొస్తే మళ్ళీ చేస్తారా, ముడి ఫాస్ట్‌క్యూ ఫైళ్ళు ఇస్తారా, వాళ్ళ దగ్గర డేటా ఎన్నాళ్ళుంటుంది, విశ్లేషణకు ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ వాడతారు. బయోఇన్ఫర్మాటిక్స్ తెలిసినవాళ్ళను శాంపిళ్ళు తీయకముందే కలవాలి. రిపోర్టు వచ్చాక కలిస్తే వాళ్ళు చేయగలిగేది పోస్ట్‌మార్టమే.

అపోహ: విశ్లేషణకు సూపర్ కంప్యూటర్ ఉండాలి.

వాస్తవం: మనిషి జీనోమ్ సుమారు 310 కోట్ల అక్షరాలు, దానికి పెద్ద సర్వరే కావాలి. చాలా బాక్టీరియాలకు యాభై లక్షల లోపే. 16 జీబీ ల్యాప్‌టాప్ సరిపోతుంది. గెలాక్సీ అనే వేదికలో బ్రౌజర్‌లోంచే ఉచితంగా పని చేసుకోవచ్చు. చేతిలో పైసా లేకపోయినా, అమెరికా ఎన్‌సీబీఐ వాళ్ళ ఎస్‌ఆర్‌ఏలో (డేటా నిల్వలో) ఇతరులు పెట్టిన డేటా దించుకుని నేర్చుకోవచ్చు. మన దేశానికీ 2022 నుంచి ఫరీదాబాద్‌లో అలాంటి ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ ఉంది.

అపోహ: మన దగ్గర వెతకడానికి ఏముంది?

వాస్తవం: హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2017లో నేచర్ జెనెటిక్స్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న వైశ్య సమాజంలో బ్యుటైరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఇతరులకంటే వంద రెట్లు ఎక్కువని అందులో ఉంది. ఆ లోపమున్న వారికి ఆపరేషన్ ముందు సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే కండరాల సడలింపు నిమిషాల్లో తగ్గకుండా గంటల తరబడి ఉండిపోవచ్చు, ఊపిరి యంత్రం మీదే ఉంచాల్సి రావచ్చు. ఈ సమాజం బళ్ళారి బజార్లలోనూ ఉంది. ఇలాంటి పని ఇక్కడ మొదలుపెట్టాలంటే ముందు కావాల్సింది సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, రక్తమిచ్చేవాళ్ళకు వాళ్ళ భాషలో, తెలుగైనా కన్నడమైనా, అర్థమయ్యేలా రాసిన సమ్మతి పత్రం. విదేశీ భాగస్వాములుంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదమూ తీసుకోవాలి. దానికి నెలలు పట్టవచ్చు కాబట్టి ఆ దరఖాస్తు ముందే పెట్టుకోవాలి.