ఇంటి బాయిలర్‌లో పీడనం ఎందుకు తగ్గుతుంది?



బ్రిటన్‌లో చలికాలమంతా ఎక్కువ ఇళ్లను వెచ్చగా ఉంచేది గ్యాస్ బాయిలర్. మన గీజరు స్నానానికి నీళ్లు కాచి ఊరుకుంటుంది. అక్కడి బాయిలర్ వేడి నీటిని గొట్టాల ద్వారా గదుల్లోని రేడియేటర్లకు పంపి, చల్లారిన నీటిని వెనక్కి తెచ్చుకుని మళ్లీ వేడిచేస్తుంది. పై చదువులకు వెళ్లి అద్దె ఇళ్లలో ఉండే మన విద్యార్థులకు ఈ యంత్రంతో పరిచయం తప్పదు. ముల్లు సున్నా వైపు జారి, ఇల్లు చల్లబడిన ఉదయం వారికి అక్కరకు వచ్చేది ఇంటర్మీడియట్‌లో చదివిన భౌతికశాస్త్రమే. అదెలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మూసి ఉన్న వలయం

ఇప్పటి బాయిలర్లలో చాలావాటికి నీటి వలయం పూర్తిగా మూసి ఉంటుంది. నీరు చల్లగా ఉన్నప్పుడు పీడనమాపకం సాధారణంగా 1 నుంచి 1.5 బార్ చూపాలి. ఇది వాతావరణ పీడనానికి పైన ఉన్న పీడనం. 3 బార్‌కు చేరితే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని, గోడ బయటికి పోయే సన్నని గొట్టం గుండా నీటిని వదిలేస్తుంది.

నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. వలయంలో 100 లీటర్లు ఉన్నాయనుకుందాం. 10 డిగ్రీల సెల్సియస్ నుంచి 70 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 2.2 లీటర్లు పెరుగుతుంది. నీటిని నొక్కి కుదించడం సాధ్యం కాదు గనుక ఆ పెరుగుదలకు చోటు కావాలి. ఆ చోటే వ్యాకోచ పాత్ర. అందులో రబ్బరు పొరకు ఒకవైపు నీరు, మరోవైపు గాలి ఉంటాయి. నీరు పెరిగితే గాలి కుదించుకుంటుంది.

బాయిల్ నియమంతో లెక్క

పాత్రలో 1 బార్ వద్ద 8 లీటర్ల గాలి ఉందనుకోండి. వాతావరణ పీడనం మరో 1 బార్ కలిపితే పరమ పీడనం 2 బార్. 2.2 లీటర్ల నీరు లోపలికి వస్తే గాలికి మిగిలేది 5.8 లీటర్లు. బాయిల్ నియమం ప్రకారం పీడనం ఘనపరిమాణానికి విలోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి పరమ పీడనం సుమారు 2.76 బార్, మాపకంపై సుమారు 1.75 బార్. ఇది సురక్షితమే.

ఇప్పుడు గాలి చాలావరకు పోయి 2 లీటర్లే మిగిలిందనుకోండి. 1 లీటరు నీరు లోపలికి రాగానే గాలి సగానికి కుదించుకుని మాపకం 3 బార్ చూపుతుంది. మిగతా 1.2 లీటర్లు సేఫ్టీ వాల్వ్ గుండా బయటికి పోతాయి. రాత్రి నీరు చల్లారి సంకోచించేసరికి గాలి 3.2 లీటర్లకు వ్యాపిస్తుంది. మాపకం 0.25 బార్ మాత్రమే చూపుతుంది. ఇంత తక్కువ పీడనం వద్ద చాలా ఆధునిక బాయిలర్లు వెలగవు. గొట్టాల్లో ఎక్కడా లీకు లేకపోయినా పీడనం పడిపోయిందన్నమాట!

ఎప్పుడు తగ్గుతోంది?

కనుక పీడనం ఎంత తగ్గిందన్న దానికంటే ఎప్పుడు తగ్గుతోందన్నదే ముఖ్యం. బాయిలర్ వెలిగే ముందు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి, చల్లారాక మరోసారి రీడింగ్ రాసుకోవాలి.

వేడెక్కగానే ముల్లు 3 వైపు ఎగబాకి, చల్లారాక బాగా కిందికి పడితే వ్యాకోచ పాత్రను అనుమానించాలి. వాల్వ్ ఒకసారి తెరుచుకున్నాక నలక ఇరుక్కుని సరిగా మూసుకోకపోవచ్చు. అప్పుడు గోడ బయటి గొట్టం చినుకుతూనే ఉంటుంది. వచ్చే నీరు మరిగేంత వేడిగా ఉండవచ్చు, చేయి పెట్టకూడదు.

వేడితో సంబంధం లేకుండా రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గితే లీకు ఉన్నట్లే. రేడియేటర్ల వాల్వులు, గొట్టాల అతుకులు చూడాలి. వేడి గొట్టం మీద చిన్న లీకు వెంటనే ఆరిపోతుంది, తుప్పు మరకో పచ్చని మరకో మాత్రమే మిగులుతుంది. ఏమీ కనిపించకపోతే మెకానిక్ బాయిలర్‌ను గొట్టాల నుంచి వాల్వులతో వేరుచేసి గమనిస్తాడు. అప్పుడూ బాయిలర్ పీడనం తగ్గితే లోపం బాయిలర్‌లోనిది. నిలకడగా ఉంటే గొట్టాలలోనిది.

రేడియేటర్లలోని గాలిని తీసేసిన వెంటనే ఒక్కసారి తగ్గితే అది లోపం కాదు. మళ్లీ నీరు నింపితే చాలు.

నింపుతూ పోతే?

పీడనం తగ్గినప్పుడల్లా నీరు నింపడం సులభమే. కానీ కొత్త నీటితో పాటు అందులో కరిగిన ఆక్సిజన్ కూడా లోపలికి వెళ్తుంది. పాత నీటిలోని ఆక్సిజన్ ఇనుముతో చర్య జరిపి ఎప్పుడో ఖర్చైపోయి ఉంటుంది. కొత్తది రాగానే తుప్పు మళ్లీ మొదలవుతుంది. నల్లని బురద రేడియేటర్ల అడుగున చేరి పంపును, గొట్టాలను మూసేస్తుంది. వారం వారం నింపేవారు లోపాన్ని సరిచేయడం లేదు, పెంచుతున్నారు.

రీడింగ్ రాసుకోవడం, మరకలు వెతకడం ఎవరైనా చేయవచ్చు. బాయిలర్ మూత విప్పి గ్యాస్ భాగాలను ముట్టుకోవడం మాత్రం ప్రమాదకరం. బ్రిటన్‌లో గ్యాస్ పని చేసేవారు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదై ఉండాలన్నది చట్టం. అద్దె ఇంట్లో ఉండేవారు ఇంటి యజమానికి వెంటనే తెలపాలి. "పీడనం తగ్గింది" అని ఊరుకోకుండా "వేడెక్కితే 3, చల్లారితే పావు బార్" అని చెబితే, వచ్చిన మెకానిక్ నేరుగా వ్యాకోచ పాత్ర దగ్గరికే వెళ్తాడు.