కౌటిలీయార్థశాస్త్రము : నూతన పరిశోధన గ్రంథముల పరిచయము

ప్రాచీన భారతీయ రాజనీతి వాఙ్మయమున కౌటిలీయార్థశాస్త్రమునకు గల స్థానము సుప్రసిద్ధము. పదునైదు అధికరణములు, నూట యేబది అధ్యాయములు, నూట యెనుబది ప్రకరణములు, ఆరువేల శ్లోకముల పరిమాణము కలదని తన్ను గూర్చి తానే చెప్పుకొనిన గ్రంథమిది. ఇచ్చట శ్లోకమనగా ముప్పదిరెండు అక్షరముల కొలతయే కాని పద్యము కాదు. రాజనీతి, తర్కము, మతము, చరిత్ర అను నాలుగు శాస్త్రముల విద్యార్థులకును ఇది ఆకరము. గడచిన అర్ధశతాబ్ద కాలమున ఈ గ్రంథమును గూర్చి ఆంగ్లమున వెలువడిన పరిశోధనలు దీని కాలమును, కర్తృత్వమును, ఇందు ధర్మమునకు రాజదండమునకు గల సంబంధమును క్రొత్తగా విచారణకు తెచ్చినవి. వాని సారమును, వాని బలాబలములను వివరించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

గ్రంథ లాభము - పూర్వ పరిశోధన

ఇరువదవ శతాబ్ది ఆరంభము వరకు అర్థశాస్త్రము పేరు మాత్రమే పండితులకు తెలిసి యుండెను. దండి దశకుమారచరితమున ఆచార్య విష్ణుగుప్తుడు మౌర్యుని కొఱకు దండనీతిని ఆరువేల శ్లోకములలో సంక్షేపించెనని ఒక పాత్ర ముఖమున చెప్పించెను. కామందకుడు నీతిసారారంభమున విష్ణుగుప్తునకు నమస్కరించెను. మెతుకుసీమకు చెందిన కొలచల మల్లినాథసూరి రఘువంశ వ్యాఖ్యలో కౌటిల్యుని ఉదాహరించెను. కాని మూలగ్రంథము లభింపలేదు. మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు తంజావూరు ప్రాంతపు పండితుడొకరు సమర్పించిన గ్రంథలిపి తాళపత్ర ప్రతి ఆర్. శామశాస్త్రిగారి దృష్టికి వచ్చుటతో ఆ లోటు తీరినది. ఆయన 1905 నుండి అనువాద భాగములను ప్రకటించి, 1909లో మూలమును ముద్రించి, 1915లో సంపూర్ణమైన ఆంగ్లానువాదమును వెలువరించిరి. పిమ్మట టి. గణపతిశాస్త్రిగారు తిరువనంతపురమున శ్రీమూల వ్యాఖ్యతో 1924-25లలో ప్రకటించిరి. బొంబాయి విశ్వవిద్యాలయము పక్షమున ఆర్. పి. కాంగ్లేగారు 1960లో పరిష్కృత మూలమును, 1963లో అనువాదమును, 1965లో విమర్శను వెలువరించిరి. నేటికిని పరిశోధకులకు ఆధారము కాంగ్లే పాఠమే.

గ్రంథము లభించిన నాటినుండియు రెండు పక్షములు ఏర్పడినవి. గ్రంథాంతమున నందరాజుల చేతినుండి భూమిని ఉద్ధరించిన వానిచే ఇది రచింపబడినదని చెప్పు శ్లోకమును ప్రమాణముగా గైకొని, చంద్రగుప్తుని మంత్రి చాణక్యుడే కర్త యనియు, రచన క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దిదనియు ఒక పక్షము. యాకోబీ, శామశాస్త్రి, కాంగ్లే మొదలగువారు ఈ పక్షమువారు. యాలీ, వింటర్నిట్జ్, కీత్ మొదలగువారు గ్రంథమును క్రీస్తు శకమున కొన్ని శతాబ్దులు గడచిన తరువాతి దానిగా భావించిరి. "ఇతి కౌటిల్యః" అని ప్రథమపురుషలో కర్తృనామము వచ్చుట శిష్యరచనకు సూచకమని వీరనగా, ప్రాచీన శాస్త్రకారులు తమ మతమును తమ పేరుతోనే చెప్పుట కలదని వారు సమాధానము చెప్పిరి. ఉభయ పక్షములకును సామాన్యమైన అంశమొకటి కలదు. గ్రంథము ఏకకర్తృకమా, అనేకకర్తృకమా అను ప్రశ్నను ఎవ్వరును గ్రంథభాషనే కొలిచి పరీక్షింపలేదు.

సంఖ్యాశాస్త్ర పరీక్ష

ఈ పరీక్షను మొదట చేసినవారు థామస్ ట్రౌట్‌మన్. 1971లో వెలువడిన వారి గ్రంథము చ, వా, ఏవ మొదలగు అవ్యయముల ప్రయోగ సంఖ్యను ఆధారము చేసికొనినది. విషయమును బట్టి మారునవి నామములు, క్రియలు. అవ్యయములు రచయితకు తెలియకయే అతని అలవాటు ననుసరించి దొరలును. కావున అవి కర్తను పట్టియిచ్చునని వారి యుక్తి. ఏకకర్తృకములని నిశ్చయముగా తెలిసిన గ్రంథములతో పోల్చి చూచి, దీర్ఘములైన ద్వితీయ, తృతీయ, సప్తమాధికరణములు ఒక్కని రచనలు కావని వారు నిర్ణయించిరి. గ్రంథమున ముగ్గురు లేక నలుగురు కర్తల చేతులు కలవనియు, వారి రచనలను ఒక సంకలనకర్త కూర్చెననియు వారి సిద్ధాంతము.

ఈ సిద్ధాంతమునకు శాస్త్రజ్ఞులు చేయదగిన ఆక్షేపము స్పష్టమే. అధ్యక్షప్రచారమను ద్వితీయాధికరణమున వస్తువుల పట్టికలు అధికము. పట్టికలకు "చ"కారము సహజము. ధర్మస్థీయమను తృతీయాధికరణమున వివాద పదములలో పక్షాంతరములు అధికము. పక్షాంతరములకు "వా"కారము సహజము. కావున విషయభేదమే అవ్యయభేదమునకు కారణము కావచ్చును గదా యని శంక. గణన మొక్కటియే కర్తృనిర్ణయమునకు చాలదు. అంతర్గతమైన విషయ వైరుధ్యములు, బాహ్య ప్రమాణములు కూడ దానితో ఏకీభవింపవలెను. తరువాతి గ్రంథములు ఈ మార్గముననే నడచినవి.

ఓలివెల్ సిద్ధాంతము

ధర్మశాస్త్ర సంపాదనమున లబ్ధప్రతిష్ఠులైన పాట్రిక్ ఓలివెల్ 2013లో అర్థశాస్త్రమునకు నూతన ఆంగ్లానువాదమును విస్తృతమైన టిప్పణులతో ప్రకటించిరి. గ్రంథము మూడు దశలలో రూపొందినదని వారి మతము. మొదటి దశలో వేర్వేరు విషయములపై వేర్వేరు నిపుణులు వ్రాసికొనిన ఆకర గ్రంథములు. రెండవ దశలో, సుమారు క్రీస్తు శకము 50-125 మధ్య, కౌటిల్యుడను పండితుడు వానిని ఆధారముగా గైకొని శాస్త్రమును రచించుట. మూడవ దశలో, సుమారు 175-300 మధ్య, ధర్మశాస్త్ర పరిచయము గల వేరొక పండితుడు దానిని సంస్కరించి, అధ్యాయ విభాగమును కల్పించి, బ్రాహ్మణ ధర్మానుగుణములైన భాగములను చేర్చుట. కౌటిల్యుని చాణక్యునితో అభేదముగా చెప్పుట గుప్తుల కాలమున ఏర్పడిన సంప్రదాయమని వారి నిర్ణయము.

ఈ కాలనిర్ణయమునకు వారు చూపిన ప్రమాణములు పరిశీలింపదగినవి. కోశప్రవేశ్య రత్నపరీక్షలో ప్రవాళ భేదమునకు ఆలకందకమను పేరు కలదు. ఇది అలెగ్జాండ్రియా నగర నామమునుండి వచ్చినదని పండితులు గుర్తించిరి. మధ్యధరా సముద్రపు పగడము భారతదేశమునకు దిగుమతి యగుచుండెనని క్రీస్తు శకము మొదటి శతాబ్దిదగు ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్ చెప్పుచున్నది. చీనభూమిలో పుట్టిన పట్టు ప్రస్తావన వేరొకటి. సొరంగమను అర్థమున ప్రయుక్తమైన సురుంగా శబ్దము గ్రీకు పదమునుండి వచ్చినదని భాషావేత్తల అభిప్రాయము. మఱొకవైపు, దీనారమను నాణెము పేరు గ్రంథమున లేదు. నారదస్మృతి దానినెరుగును. ఈ అభావము గ్రంథమునకు ఉత్తరావధిని సూచించుచున్నది.

మౌర్య కాలమునకు ప్రతికూలములగు అంశములును కలవు. గ్రంథమున పాటలీపుత్రము పేరు లేదు. మౌర్య వంశము పేరు లేదు. మెగస్తనీసు పాటలీపుత్రమునకు దారుప్రాకారమును వర్ణింపగా, ఈ గ్రంథము అగ్నిభయముచేత కొయ్యతో ప్రాకారమును నిర్మింపరాదనుచున్నది. మండల సిద్ధాంతము తుల్యబలులైన చిన్నరాజుల నడుమ విజిగీషువు నడవడిని చెప్పునదే కాని, ఆసేతు హిమాచలము వ్యాపించిన సామ్రాజ్య పాలకునకు చెప్పినదిగా తోచదు. ఇందొక్కొక్కటియు ఖండింపవీలుగల హేతువే. విజయమునకు పూర్వమే గ్రంథము రచింపబడియుండవచ్చుననియు, పగడము ప్రస్తావన ప్రక్షిప్తమనియు చెప్పవచ్చును. కాని హేతువులన్నియు ఒకే దిక్కును చూపుచుండగా ప్రతిదానికిని వేర్వేరు పరిహారములను కల్పించుట గౌరవ దోషమగును. సంప్రదాయ పక్షమునకు నేడు గల కష్టమిదియే.

మెక్లిష్ గ్రంథము - ధర్మము, రాజదండము

2019లో వెలువడిన మార్క్ మెక్లిష్ గ్రంథము ఈ విచారమును మఱింత ముందునకు కొనిపోయినది. అర్థశాస్త్ర చరిత్రమను పేరు గల ఈ గ్రంథమునకు ప్రాచీన భారతమున రాజాధికారము, పవిత్ర ధర్మము అనునవి వివేచ్యములు. గ్రంథమున ప్రకరణ విభాగము ప్రాచీనము, అధ్యాయ విభాగము అర్వాచీనము అనుట వారి వాదమునకు మూలస్తంభము. ఒకే గ్రంథమునకు రెండు విభాగ పద్ధతులుండుట, అవి పరస్పరము సరిపడకుండుట ఎందువలన అని ప్రశ్నించి, అధ్యాయములు, వాని చివర వచ్చు శ్లోకములు తరువాతి సంస్కర్త చేర్చినవని వారు చూపిరి. ఆ పొరను తొలగింపగా మిగులునది దండనీతి యను పేరుగల ప్రాచీన గ్రంథమని, అది సుమారు క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దికి చెందినదని వారి ఊహ.

దీనివలన ఫలించునది కాలనిర్ణయము మాత్రమే కాదు. మూల దండనీతిలో రాజు చేయు నిర్ణయములకు ప్రయోజనమే ప్రమాణమనియు, వర్ణాశ్రమ ధర్మ రక్షణము రాజధర్మమను భావము సంస్కర్తచే చేర్పబడినదనియు మెక్లిష్ ప్రతిపాదించిరి. రాజకీయము ధర్మమునకు లోబడి యుండెనని భారతీయ చింతనను గూర్చి సామాన్యముగా చెప్పబడు మాట ఈ గ్రంథము విషయమున ఆదినుండి సత్యము కాదని తాత్పర్యము.

ఈ వాదమునకు తృతీయాధికరణారంభము మంచి నికషము. అచ్చట వివాదమునకు ధర్మము, వ్యవహారము, చరిత్రము, రాజశాసనము అను నాలుగు పాదములు చెప్పబడి, వానిలో పరము పూర్వమును బాధించునని నియమింపబడినది. అనగా రాజశాసనము అన్నిటికంటె బలవత్తరము. ఆ సమీపముననే చరిత్రము గాని వ్యవహారము గాని ధర్మశాస్త్రముతో విరోధించినచో ధర్మమును బట్టియే నిర్ణయింపవలెనను శ్లోకము కలదు. పూర్వవ్యాఖ్యాతలు విషయవ్యవస్థ చేసి ఈ రెంటిని సమన్వయించిరి. నూతన పరిశోధకులు వీనిని ఇద్దరు కర్తల మాటలుగా గ్రహించుచున్నారు. ఏకవాక్యతను సాధింప వీలున్నంతవరకు వాక్యభేదమును కల్పింపరాదను మీమాంసా న్యాయము ఒకవైపు. గ్రంథ సంస్కారమునకు స్వతంత్ర లక్షణములు కానవచ్చుచుండగా సమన్వయమునకై క్లిష్టకల్పన చేయరాదను విమర్శ న్యాయము మఱొకవైపు. ఈ రెంటి నడుమ తీర్పు చెప్పుటకు ఉభయ శాస్త్రములు తెలిసినవారే అర్హులు.

ఆన్వీక్షికిని గూర్చిన చర్చ తత్త్వశాస్త్ర విద్యార్థులకు ముఖ్యము. మానవులు, బార్హస్పత్యులు, ఔశనసులు విద్యల సంఖ్యను క్రమముగా తగ్గింపగా, కౌటిల్యుడు నాలుగు విద్యలను అంగీకరించి, సాంఖ్య యోగ లోకాయతములను ఆన్వీక్షికిగా పేర్కొనెను. లోకాయతమునకు రాజవిద్యలలో స్థానమిచ్చిన ఈ భాగము, త్రయిని కూడ విద్యగా అంగీకరించిన గ్రంథమునందే యుండుట గమనింపదగినది.

కామందకము - ఆంధ్ర నీతి వాఙ్మయము

అర్థశాస్త్రానంతర నీతి వాఙ్మయమును గూర్చియు నూతన గ్రంథములు వెలువడినవి. ఉపీందర్ సింగ్ 2017లో ప్రకటించిన ప్రాచీన భారత రాజకీయ హింసా చరిత్రము, దండము అవసరమను వాదమును, అహింసాదర్శమును ఒకచోట జేర్చి విచారించినది. కామందక నీతిసారమునకు జెస్సీ నట్సన్ చేసిన ఆంగ్లానువాదము 2021లో మూర్తి ప్రాచీన సాహిత్య గ్రంథమాలలో మూలసహితముగా వచ్చినది.

తెలుగువారికి ఈ విచారము పరాయిది కాదు. బద్దెన నీతిశాస్త్రముక్తావళి, పూర్వ నీతిగ్రంథములనుండి పద్యములను ఏర్చి కూర్చిన మడికి సింగన సకలనీతిసమ్మతము, జక్కరాజు వెంకటకవి ఆంధ్ర కామందకము, ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టము ఈ సంప్రదాయమున పుట్టినవి. వెల్చేరు నారాయణరావు, సంజయ్ సుబ్రహ్మణ్యం 2009లో ప్రకటించిన వ్యాసమున ఈ తెలుగు నీతి వాఙ్మయము ధర్మశాస్త్రమునకు భిన్నమైన, లోకవ్యవహార ప్రధానమైన ఒక రాజకీయ చింతనగా నిరూపింపబడినది. మెక్లిష్ ప్రాచీన దండనీతి విషయమున చెప్పిన నీతి-ధర్మ భేదము మధ్యయుగాంధ్రమున సజీవముగా నుండెనని దీనివలన తోచును. ఈ రెండు పరిశోధనలను కలిపి చదువుట ఆంధ్ర సంస్కృత భాషలు రెండును తెలిసిన అధ్యాపకులకు సుకరము.

కర్తవ్యము

చాణక్యుడు చంద్రగుప్తుని కొఱకు వ్రాసిన గ్రంథమను వాక్యము పాఠ్యపుస్తకములలో నిశ్చితార్థముగా నిలిచియున్నది. ద్వితీయాధికరణములోని అధ్యక్షులను మౌర్య పాలనాధికారులుగా వర్ణించుటయు సామాన్యము. పై గ్రంథముల వాదము నిలిచినచో మౌర్య పాలనను అశోక శాసనములనుండియు, పురావస్తువులనుండియు మాత్రమే వివరింపవలసి యుండును. సంప్రదాయమును చెప్పవలదని దీని అర్థము కాదు. సంప్రదాయమును సంప్రదాయముగాను, ప్రమాణసిద్ధమును ప్రమాణసిద్ధముగాను వేర్వేరుగా చెప్పవలెను.

ఇచ్చట మఱియొక సంగతి గలదు. ఈ నూతన గ్రంథములన్నియు ప్రధానముగా కాంగ్లే పాఠముపై ఆధారపడినవి. మూలమునకు లభించిన ప్రతులు కొద్ది. అవి మిక్కిలిగా గ్రంథ, మలయాళ లిపులలో నున్న దాక్షిణాత్య ప్రతులు. భట్టస్వామి ప్రతిపదపంచిక, భిక్షుప్రభమతి చాణక్యటీక, మాధవయజ్వ నయచంద్రిక మొదలగు వ్యాఖ్యలు ఖండములుగా మాత్రమే దొరకినవి. మలయాళ భాషావ్యాఖ్య వేరొకటి కలదు. అవ్యయములను లెక్కించి కర్తలను విభజించు పరీక్షకు ఒక "చ"కారపు పాఠభేదమైనను విలువ గలదే. కావున వ్యాఖ్యలలోని ప్రతీకములను, ఇతర గ్రంథములలోని ఉదాహరణములను సేకరించి పాఠమును మఱల పరిశీలించుట తరువాతి మెట్టు. తాళపత్రమును చదువ నేర్చినవారు, పాణినీయమున పరిశ్రమించినవారు, వ్యాఖ్యాన శైలి నెరిగినవారు చేయవలసిన పని యిది. శామశాస్త్రిగారు ప్రాచ్య గ్రంథాలయమున కూర్చుండి ఆరంభించిన కార్యము ప్రాచ్య కళాశాలలయందే కొనసాగుట ఉచితము.