కాలయానము - కుటుంబఋణము : తెలుగు అద్భుతచిత్ర కథలందలి ఒక లక్షణము

కాలమును దాటి వెనుకకో ముందుకో పోయిన మానవుని కథ తెలుగు తెరపై కనుపించినప్పుడెల్ల, అది పరదేశముల అనుకరణమే యను మాట వినవచ్చుచుండును. 1895లో హెచ్. జి. వెల్స్ ప్రకటించిన కాలయంత్ర నవలను పేర్కొని కొందరు చర్చను ముగింతురు. ఇటీవల చీనా దేశపు టెలివిజన్ ధారావాహికలు మన యువప్రేక్షకులకు చేరువగుటచే, అనుకరణవాదమునకు మరియొక ఆధారము దొరకినట్లయినది. కుటుంబభక్తి, కాలయానము, రాక్షసులు, ప్రణయము అను నాలుగింటిని పెనవేసి అల్లిన అద్భుతకథలు ఆ దేశమున విరివిగా వెలువడుచున్నవి. ఈ నాలుగును మన చిత్రములందును కలవు. కావున ఎవరు ఎవరికి ఋణపడిరను ప్రశ్న సహజముగనే పుట్టును. ఈ ప్రశ్నను కొంత మార్చి, కాలమును దాటినవాడు ఎవరి యింటికి చేరుచున్నాడని విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము. ఆ విచారణవలన తెలుగుకథకు గల ప్రత్యేకత స్పష్టపడునని నా విశ్వాసము.

మొదట చీనా కథల స్వరూపమును సంగ్రహముగ చూతము. ఆ భాషలో కాలయానకథలకు 'చువాన్‌యుయె' అని పేరు. చొచ్చుకొని ఆవలికి దాటుట అని దాని భావము. సిద్ధులును, వీరులును, రాక్షసులును పాత్రలుగ గల కథలను 'షియన్‌షియా' అందురు. తోంగ్ హువా యను రచయిత్రి నవల ననుసరించి 2011లో వెలువడిన 'బుబు జింగ్‌షిన్' అను ధారావాహిక మొదటి వర్గమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము. అందు ఆధునికయుగపు యువతి యొకతె ప్రమాదమునకు లోనై, కాంగ్‌షీ చక్రవర్తి కాలమున మరియొక కన్య శరీరమున మేల్కొనును. ఆ కన్య అక్క యొక రాజకుమారుని భార్య. సింహాసనమునకై అన్నదమ్ములు సాగింపబోవు కలహము ఎట్లు ముగియునో చరిత్ర చదివిన నాయికకు తెలియును. తెలిసియు దానిని ఆపలేదు. 2023లో ప్రసారమైన 'చాంగ్‌యుయె జిన్‌మింగ్' రెండవ వర్గమునకు చెందినది. లోకమును నాశనము చేయుచున్న రాక్షసాధిపతిని అతడు రాక్షసత్వము పొందకపూర్వమే నివారింపవలెనని నాయిక ఐదువందల యేండ్లు వెనుకకు పోవును. అచ్చట నామె సేనానాయకుని కుమార్తె. రాక్షసుడు కాబోవు ఆ పురుషుడే ఆమె భర్త.

ఈ రెండు కథలందును ఒక సామాన్యలక్షణము కలదు. కాలమును దాటిన నాయిక చేరినది తనది కాని యింటికి. అక్కయు, తండ్రియు, భర్తయు ఆమెకు పరాయివారు. ఆ యింటియెడల భక్తి ఆమెకు పుట్టుకతో వచ్చినది కాదు, క్రమముగ అలవరచుకొనవలసినది. ఆ కథల కరుణరసమునకు మూలమిదియే.

ఇచ్చట పరిశోధకులు గమనింపదగిన శబ్దవిషయమొకటి కలదు. చీనా భాషలో రాక్షసునికి వాడు 'మో' అను మాట దేశీయము కాదు. సంస్కృతమునందలి 'మార' శబ్దమును బౌద్ధగ్రంథ అనువాదకులు ధ్వన్యనుకరణముగ తీసికొనిన రూపమునకు సంక్షేపమది. సిద్ధులు అనుభవింపవలసిన ఘోరపరీక్షను తెలుపు 'జియె' అను మాట 'కల్ప' శబ్దమునుండి పుట్టినది. అనగా చీనా అద్భుతకథలో రాక్షసుని పేరును, మహాకాలఖండము పేరును భారతదేశమునుండి పోయినవే. ఆంధ్రదేశముతో సంబంధము కలవాడని పరంపర చెప్పు ఆచార్య నాగార్జునుని మూలమధ్యమకకారికలను కుమారజీవుడు ఐదవ శతాబ్ది ప్రారంభమున చీనా భాషలోనికి తెచ్చెను. అందు పంతొమ్మిదవ ప్రకరణము కాలపరీక్ష. ఒకదాని నపేక్షింపక భూతవర్తమానభవిష్యత్తులు సిద్ధింపవని ఆచార్యుడందు తర్కించెను. శబ్దములు పోయినంత మాత్రమున కథలును పోయినవని నేను చెప్పుట లేదు. కాని వస్తుసామ్యము కనుపించిన వెంటనే అనుకరణమని నిర్ణయించుట తొందరపాటని చెప్పుటకు ఈ నిదర్శనము చాలును.

ఇక మన కథకు వత్తము. తెలుగువారికి కాలయానకథ వెల్స్ నవలతో రాలేదు. భాగవతము నవమస్కంధమున రైవతుడను రాజు తన కుమార్తె రేవతికి తగిన వరుడెవడో అడుగుటకు ఆమెను వెంటగొని బ్రహ్మలోకమునకు పోయెను. అచ్చట గంధర్వగానము సాగుచుండగా క్షణకాలము నిరీక్షించెను. ఆ క్షణమున భూలోకమందు ఇరువదియేడు మహాయుగములు గడచెను. రాజు మనసున తలచిన వరులే కాదు, వారి కుమారులు, మనుమలు, తుదకు వారి గోత్రనామములు సైతము వినరాకుండ పోయినవి. బ్రహ్మ ఆజ్ఞచే రైవతుడు మరలి వచ్చి రేవతిని బలరామునకిచ్చెను. తండ్రి ఏ యంత్రమునకై గాని, ఏ వింత చూచుటకై గాని పయనింపలేదు. బిడ్డ పెండ్లి యనెడి గృహధర్మమే అతనిని కాలము దాటించినది. ఆ పయనమునకు చెల్లించిన మూల్యమును బంధుజనమే.

ఈ కథను జ్ఞప్తియందుంచుకొని 1957లో విజయావారు నిర్మించిన 'మాయాబజార్' చిత్రమును పరిశీలింపవలెను. శశిరేఖ బలరామునకును, ఈ రేవతికిని పుట్టిన బిడ్డ. వ్యాసభారతమున లేని ఈ కథ జనశ్రుతిగ, నాటకముగ ప్రచారమొంది, కె. వి. రెడ్డి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావు రచనమున తెరకెక్కినది. సుభద్ర కుమారుడైన అభిమన్యునకు మేనమామ కూతురగు శశిరేఖను ఇత్తుమన్నది పూర్వము చేసిన వాగ్దానము. పాండవులు రాజ్యము కోల్పోగానే రేవతి ఆ సంబంధమును కాదని దుర్యోధనుని కుమారుని కోరును. కాలయానముచే తనవారినెల్ల పోగొట్టుకొనిన స్త్రీయే కలిమిని చూచి బంధుత్వమును త్రోసిపుచ్చుట విచిత్రము. చిత్రరచయిత దీనిని ఉద్దేశించెనో లేదో చెప్పజాలము. పురాణము నెఱిగిన ప్రేక్షకునకు మాత్రము ఆ పాత్ర వెనుక ఇరువదియేడు మహాయుగముల ఏకాకిత్వము నీడగ నిలుచును.

తప్పిన మేనరికమును నిలిపినవాడెవడు? రాక్షసుడు. హిడింబా భీమసేనుల కుమారుడైన ఘటోత్కచుడు అరణ్యమున అడుగిడిన వారిని పరులనుకొని మొదట ఎదిరించును. సుభద్ర యెవరో తెలిసిన పిమ్మట, పినతల్లియని యెఱిగి వినమ్రుడగును. మాయలన్నియు ఆ పిదప తమ్ముని పెండ్లికై వినియోగపడును. ఎస్. వి. రంగారావు నటించిన ఆ పాత్రను పసివారు సైతము భయపడక ప్రేమింతురు. మన కథలో రాక్షసుడు ఇంటివెలుపలి శత్రువు మాత్రమే కాడు. వరుస తెలిసినచో మనవాడు. 1932లో విడుదలయైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' సైతము రాక్షసకుటుంబపు కథయే. ప్రహ్లాదుడు తండ్రి మాట కాదనెను; కాని భాగవతమున నరసింహుని వరము కోరుమనగా తండ్రి పాపవిముక్తినే యడిగెను. ఆజ్ఞను తిరస్కరించినను ఋణమును తిరస్కరింపలేదు. చీనా కథలో రాక్షసుడు భర్తయై ఇంటిలోనికి వచ్చుటయు, తెలుగుకథలో అన్నయై వచ్చుటయు పోల్చి చూడదగినవి. ఒకచోట బంధము వివాహముచే ఏర్పడినది. రెండవచోట రక్తముచే ముందే యున్నది, గుర్తించుటయే తరువాయి.

'మాయాబజార్' నాటికి తెలుగు చిత్రములకు మద్రాసు ప్రధానకేంద్రము. కాలక్రమమున ఆ పరిశ్రమ హైదరాబాదునకు తరలి, జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ రాతిగుట్టలపై స్థిరపడినది. 1976లో ప్రారంభమైన అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో ఈ పరిసరములందలిదే. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలును కుటుంబసంస్థలుగ నడచినవే. ఇట్టి కుటుంబసంస్థ యొకటి తన కుటుంబమునే పాత్రలుగ చేసికొని నిర్మించిన కాలకథ 'మనం'. విక్రమ్ కుమార్ దర్శకత్వము వహించిన ఈ చిత్రము 2014 మే 23న విడుదలైనది. నాగేశ్వరరావుగారు అదే సంవత్సరము జనవరి 22న దివంగతులైరి. ఇది వారి చివరి చిత్రము.

ఇందు యంత్రము లేదు; పునర్జన్మయే కాలయానము. 1983లో బాల్యమున తల్లిదండ్రులను ప్రమాదమున కోల్పోయిన నాగేశ్వరరావను పాత్రను నాగార్జున ధరించెను. అతడు పెద్దవాడైన పిమ్మట, అవే ముఖములు గల యువతీయువకులు ఎదురగుదురు. తండ్రి రూపమున నున్న ఆ యువకుడు నాగచైతన్య. పాత్ర పేరు నాగార్జున. ఇక చైతన్య యను వృద్ధపాత్రను ధరించిన అక్కినేని, తన చిన్ననాట గతించిన జననీజనకులను ఈ నాగేశ్వరరావునందును, ఒక వైద్యురాలియందును గుర్తించును. లోకమున తాత, తండ్రి, కొడుకు అయినవారు తెరపై కొడుకు, తండ్రి, తాత అయిరి, పేర్లును తారుమారైనవి.

ఈ వింతను చూచి తెలుగు ప్రేక్షకుడు తికమకపడలేదు. కారణము మన భాషలోనే కలదు. తాత పేరు మనుమనికి పెట్టుట మన యాచారము. అత్తగారి పేరు పెట్టుకొనిన బిడ్డను కోడలు పేరెత్తి పిలువక 'అమ్మా' యనును. కొడుకును ఎత్తుకొనిన తండ్రి 'నాన్నా', 'మా తండ్రే' యని లాలించును. పోయినవారు తిరిగి పుట్టినారను మాట మన యిండ్లలో సిద్ధాంతముగ గాక సంబోధనగ జీవించుచున్నది. 'మనం' చిత్రము ఆ సంబోధనను నిజమని భావించి కథ నడపినది. తండ్రి కొడుకును కనగా, ఆ కొడుకే తండ్రిని కనినచో ఎవరు ఎవరికి జనకులని నాగార్జునాచార్యుడు విగ్రహవ్యావర్తనియందు ప్రశ్నించెను. ఆయనకది పరస్పరాశ్రయమును చూపు తర్కము. తెలుగు తల్లికది ఉయ్యాల యొద్ద నిత్యము పలుకు మాట.

ఈ సిద్ధాంతమునకు లొంగని చిత్రమును విస్మరించుట న్యాయము కాదు. 1991లో వెలువడిన 'ఆదిత్య 369' నిజముగ యంత్రకథ. వెల్స్ నవలయే దానికి ప్రేరణ. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు 'మాయాబజార్' కాలమున కె. వి. రెడ్డిగారి యొద్ద సహాయకుడుగ పనిచేసినవారు. నాయకుడు 1526 నాటి విజయనగరమునకును, 2504వ సంవత్సరమునకును పోవును. బాలకృష్ణయే నాయకుడుగను, శ్రీకృష్ణదేవరాయలుగను నటించినను, ఆ పాత్రలకు బంధుత్వము కల్పింపబడలేదు. కావున కుటుంబఋణము ఇందు చోదకము కాదు. అయినను యంత్రము మొదట చేరిన స్థానము రాయల కొలువగుట గమనార్హము. వంశబంధము లేనిచోట సాహిత్యవారసత్వము ఆ స్థానమును ఆక్రమించినది.

యంత్రమును కుటుంబఋణమును కలిసిన కథ 2022లో వచ్చినది. తెలుగున 'ఒకే ఒక జీవితం', తమిళమున 'కణం' అను పేర్లతో శ్రీ కార్తీక్ రూపొందించిన ఈ చిత్రమున, ప్రమాదమున తల్లిని కోల్పోయిన యువకుడు శాస్త్రజ్ఞుని యంత్రముచే 1998వ సంవత్సరమునకు పోవును. ధనమునకో కీర్తికో కాదు, తల్లిని బ్రతికించుకొనుటకు. ఉపకరణము వెల్స్‌ది, ప్రయోజనము రైవతునిది. ఇది ద్విభాషాచిత్రమగుటచే, పై లక్షణమును తెలుగువారి సొత్తుగ మాత్రమే భావింపక, ఇరుగుపొరుగు భాషలందును పరిశీలింపవలసి యున్నది.

ఫలితార్థము నిది. చీనా కథలో కాలము దాటినవారు పరుల యింట అడుగుపెట్టి బంధమును నేర్చుకొందురు. తెలుగుకథలో కాలము దాటినవాడు తన యింటికే చేరి బంధమును గుర్తించును. మొదటిదానికి ఎంపిక ప్రాణము. రెండవదానికి ఆనవాలు ప్రాణము. ఉపకరణములు ఏ దేశమునుండి వచ్చినను, వరుసలు మాత్రము భాషనుండియే పుట్టినవి. కావున ఈ చిత్రములను పరిశోధించుటకు తెలుగుశాఖకు అధికారము కలదు, బాధ్యతయు కలదు.

బాధ్యత యనుటకు కారణము చెప్పి ముగింతును. 'మనం' చిత్రమునకై అన్నపూర్ణ స్టూడియోలో నిర్మించి యుంచిన సెట్టు 2017 నవంబరులో అగ్నిప్రమాదమున దగ్ధమైనది. కొయ్యయు, రంగును కాలిపోవుట వింత కాదు. కాని చిత్రరచనల మూలప్రతులు, సంభాషణల వ్రాతప్రతులు, మార్పులతో కూడిన చిత్తుకాగితములు ఇంతకంటె భద్రముగ నున్నవని ఎవరు చెప్పగలరు? తాళపత్రమునకై ఊరూర తిరిగిన పెద్దల వారసులము మనము. ఈ ప్రతులు నగరమున మన కనుచూపు మేరలో నున్నవి. పరిశోధక విద్యార్థులు ఫిల్మ్‌నగర్ గుట్ట యెక్కి వానిని సేకరించి, పాఠభేదములు గుర్తించి, పరిష్కరించుట నేడే యారంభింపవలెను. గంధర్వగానము ముగియువరకు ఆగితిమా, తిరిగివచ్చునప్పటికి గోత్రనామములు సైతము వినరాకపోవచ్చును.