వాన పడకపోయినా వాగు పొంగుతుంది!

జులై వచ్చిందంటే చాలు, మా టీమ్ వాట్సాప్ గ్రూపులో జలపాతాల రీల్స్ మొదలవుతాయి. రెండేళ్ల కిందట నేనూ నలుగురు ఫ్రెండ్స్‌తో మారేడుమిల్లి అడవుల వైపు బయల్దేరాను. రెండో రోజు, ఆదివారం పొద్దున్న, చీలమండలు తడిచేంత నీళ్లున్న ఓ వాగు దాటి జలపాతం దగ్గరికి వెళ్లాం. మా నెత్తిన ఎండ కాస్తోంది. దూరంగా కొండల మీద మాత్రం మబ్బు నల్లగా పట్టింది. ‘మనకెందుకులే’ అనుకున్నాం.

గంటన్నర తర్వాత వెనక్కొస్తే అదే వాగు మోకాళ్ల పైదాకా పెరిగి, ఎర్రగా, చెట్ల కొమ్మల్ని ఈడ్చుకుంటూ పోతోంది. మా దగ్గర ఒక్క చినుకు పడలేదు!

‘చేతులు పట్టుకుని దాటేద్దాంరా, రాత్రికి బస్సుంది’ అన్నాడు మావాడొకడు. నిజం చెప్పాలంటే నేనూ అప్పటికే ప్యాంటు మడిచేశాను. అవతలి గట్టు మీద గేదెలు కాస్తున్న ఓ పెద్దాయన ‘దిగొద్దు బాబూ, అక్కడే కూకోండి’ అని కేకేసి, చేత్తో సైగ చేశాడు. నాలుగు గంటలు కూర్చున్నాం. చీకటి పడే వేళకి నీళ్లు తగ్గాయి. బస్సు పోయింది, సోమవారం ఒక లీవు పోయింది. అంతే పోయింది.

అందరి కథా ఇలా ముగియదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అక్కడ వాన కాదు, ఎగువన లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు ముంచెత్తాయి. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతానికి వెళ్లిన 80 మంది దాకా వాగు పొంగి అడవిలో చిక్కుకున్నారు. వాగు దాటొద్దని, ఎత్తైన చోటే ఉండమని పోలీసులు ఫోన్లో చెప్పారు. సహాయక బృందాలు వచ్చి వాళ్లని క్షేమంగా బయటికి తెచ్చాయి.

మోకాలి లోతే కదా అనిపిస్తుంది. కానీ నీటి వేగం రెట్టింపైతే అది మనల్ని తోసే బలం నాలుగింతలవుతుంది. పైగా కాలి కింద నాచు పట్టిన రాళ్లు.

బయల్దేరే ముందు...

* వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. మీరు వెళ్లే చోటుకే కాదు, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో ఆ కొండలకి కూడా. రెడ్, ఆరెంజ్ అలర్ట్ ఉంటే ట్రిప్ మానేయండి.
* అటవీ శాఖ అనుమతి ఉందా, ఎగువన డ్యామ్ ఉందా అని కనుక్కోండి. ఊళ్లోవాళ్లు ‘వద్దు’ అంటే వద్దు.
* ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. అడవిలో సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.
* టార్చ్, పవర్ బ్యాంక్, రెయిన్‌కోట్, ఒక పూటకి సరిపడా తిండి, మంచినీళ్లు అదనంగా పెట్టుకోండి.

వాగు దగ్గర...

* నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకుని పది నిమిషాలకోసారి చూడండి. అది మునిగితే లేచి రావాల్సిందే.
* నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ఆలోచించొద్దు. వాగు వెంబడి కిందికి పరిగెత్తకుండా, పక్కనున్న గట్టు పైకి ఎక్కేయండి.

చిక్కుకుపోతే...

* దాటొద్దు. ఎత్తైన చోట అందరూ కలిసి ఉండండి. సిగ్నల్ దొరికితే 112కి ఫోన్ చేయండి. ఒకే ఫోన్ వాడుతూ మిగతావి ఆఫ్ చేస్తే ఛార్జింగ్ మిగులుతుంది.
* ఎవరైనా నీళ్లలో పడితే వెనకే దూకొద్దు. గట్టు మీద నుంచే తాడో, పొడవాటి కర్రో అందించండి.

మంగళవారం ఆఫీసుకెళ్తే ‘నిన్న లీవెందుకు?’ అన్నాడు మేనేజర్. ‘వాగు అడ్డొచ్చింది’ అన్నాను. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు.

ప్రతి గ్యాంగులో ‘దాటేద్దాంరా’ అనేవాడు ఒకడుంటాడు. ‘కూర్చుందాంరా’ అనేవాళ్లు మీరవ్వండి.