హుక్కు మీద ఎంత బరువుండాలి?

పోచంపల్లి చెరువులో చేపలు పట్టేవాళ్లకు పడవను మోసే ట్రైలర్‌తో పనిలేదు. పుట్టి అయితే బోర్లించి నెత్తిన పెట్టుకుంటారు, లేదంటే మోపెడ్ వెనక కట్టుకొస్తారు. కానీ అక్కడికి 50 కిలోమీటర్ల లోపే ఉన్న హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరిగినప్పుడు పడవలు రోడ్డు మీదే రావాలి. ఆ పోటీల్లో కనిపించే లేజర్ పడవ పొడవు 4.2 మీటర్లు, ఖాళీ డొల్ల బరువు 59 కిలోలే. దాంతో పెద్ద చిక్కు రాదు. వెనక మోటారు బిగించిన పడవతోనే అసలు కథ మొదలవుతుంది. డాలస్ చుట్టుపక్కల సరస్సులకు సొంత పడవను కారు వెనక తగిలించుకుని వెళ్లే మనవాళ్లకు ఇది సెలవు రోజు వ్యవహారం. పోచంపల్లి రైతుకు ఇదే లెక్క కోతల కాలంలో ట్రాక్టర్ డబ్బా రూపంలో ఎదురవుతుంది. పడవ ట్రైలరైనా రెండు చక్రాల డబ్బా అయినా నిర్మాణం ఒకటే: మధ్యలో ఇరుసు, ముందు హుక్కు, పైన బరువు.

ఈ నిర్మాణాన్ని మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండెడ్ల బండి తోలినవాళ్లకు ఇది పాత సంగతి. సరుకు ముందుకు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలను నొక్కేస్తుంది. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి పట్టెడలు గొంతుకు బిగుస్తాయి, ఎద్దు ఊపిరాడక నిలబడిపోతుంది. అందుకే బస్తాలు వేసేటప్పుడు నొగలు పట్టుకుని ఎత్తి చూసేవాళ్లు. ఎక్కుడు వస్తే బండివాడు ముందుకు జరిగి కూర్చునేవాడు, దిగుడులో వెనక్కి జరిగేవాడు. కాడి మీద కొంచెం బరువు ఉండాలి, ఎక్కువ ఉండకూడదు. ట్రైలర్ శాస్త్రమంతా ఈ మాటకు అంకెలు చేర్చడమే. కాకపోతే బాధ చెప్పడానికి ఎద్దు ఉంది. కారుకూ ట్రాక్టర్‌కూ ఆ నోరు లేదు.

ఇక అంకెలు. ఒక ట్రైలర్‌లో ఇరుసు నుంచి హుక్కు వరకు దూరం 4 మీటర్లు అనుకుందాం. ట్రైలర్ 200 కిలోలు, ఖాళీ పడవ 400 కిలోలు, రెంటి ఉమ్మడి గరిమనాభి ఇరుసుకు 60 సెంటీమీటర్లు ముందుంది. 600ను 0.6తో గుణించి 4తో భాగిస్తే హుక్కు మీద పడే బరువు 90 కిలోలు, అంటే మొత్తంలో 15 శాతం. బాగానే ఉంది. ఇప్పుడు పడవ వెనక అంచుకు, ఇరుసు నుంచి 2 మీటర్ల వెనక, 100 కిలోల మోటారు బిగించండి. హుక్కు మీద బరువు ఒక్కసారిగా 40 కిలోలకు పడిపోతుంది. 60 లీటర్ల పెట్రోలు, ఒక బ్యాటరీ కలిపి 70 కిలోలు ఇరుసుకు 1.8 మీటర్ల వెనక చేరాయి. మిగిలింది 8 కిలోల పైచిలుకు. చివర్లో ఐస్‌పెట్టె, లగేజీ 30 కిలోలు కూడా అక్కడే పడేస్తే హుక్కు మీద బరువు సున్నా దాటి, ట్రైలరే హుక్కును 5 కిలోల బలంతో పైకి ఎత్తడం మొదలుపెడుతుంది. చేర్చినది 200 కిలోలే. ట్రైలర్ మోయగల బరువు ఎక్కడా మీరలేదు, టైర్లు బాగానే ఉన్నాయి, చూసేవాళ్లకు తేడా తెలియదు. బండి మాత్రం ప్రమాదకరంగా మారిపోయింది.

ఎంత ఉండాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలంటారు, పడవ ట్రైలర్లకు కొందరు తయారీదారులు ఇంకొంచెం తక్కువను ఒప్పుకుంటారు. బ్రిటన్‌లో 5 నుంచి 7 శాతం చాలంటారు. అక్కడి కార్ల హుక్కులు అంతకంటే మోయలేవు, పైగా ట్రైలర్ తగిలించినప్పుడు వేగానికి పరిమితి ఉంటుంది. జర్మనీలో అది మామూలుగా గంటకు 80 కిలోమీటర్లు. వేగానికీ హుక్కు బరువుకూ ఏమిటి సంబంధం?

పక్క నుంచి బస్సు దూసుకుపోయినప్పుడు గాలి ట్రైలర్‌ను ఒక పక్కకు నెడుతుంది. టైర్లు రోడ్డును పట్టుకుని దాన్ని మళ్లీ వరుసలోకి లాగుతాయి. అది అక్కడ ఆగదు, అవతలి పక్కకు దాటుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. ఈ ఊపును చంపేది కూడా టైర్లే. టైరు పక్కకు జారే వేగాన్ని బండి ముందుకు పోయే వేగంతో పోల్చి చూస్తే వచ్చే కోణం ఎంత పెద్దదైతే, ఊపును ఆపే బలం అంత ఎక్కువ. బండి వేగం రెట్టింపు అయితే అదే ఊపుకు ఆ కోణం సగమవుతుంది, ఆపే బలమూ సగమవుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో రెండు ఊపులకే సర్దుకున్న ట్రైలర్ 80లో ఐదారు ఊగుతుంది. ఒక హద్దు దాటాక ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. గరిమనాభి ఇరుసుకు వెనక ఉంటే ఈ హద్దు బాగా కిందికి దిగుతుంది, ఎందుకంటే ఇరుసు వెనకున్న బరువు బయటికి విసురుకున్నప్పుడల్లా హుక్కును ఎదురు పక్కకు తోస్తుంది. హుక్కు ఉండేది కారు వెనక చక్రాలకు కూడా వెనక. అక్కడ పక్కకు తోస్తే కారు మూతి తిరుగుతుంది, తిరిగిన కారు ట్రైలర్‌ను మరింత తిప్పుతుంది.

మరి ముందు ఒక బండరాయి వేస్తే సరిపోదా? హుక్కు లెక్క సరిపోతుంది. కానీ ఇక్కడ ఇంకో సంగతి ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. బాత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బరువులను అటూ ఇటూ జరపడానికి వీలున్న ట్రైలర్‌తో చేసిన పరీక్షల్లో, నిలకడను నిర్ణయించేవాటిలో హుక్కు బరువుతో పాటు ట్రైలర్ జడత్వ భ్రామకం కూడా ముఖ్యమని తేలింది. ఇంటర్‌లో చదివిందే: బరువును దూరం వర్గంతో గుణించాలి. 100 కిలోలు ఇరుసుకు అర మీటరు దూరంలో ఉంటే 25, రెండున్నర మీటర్ల దూరంలో ఉంటే 625. అదే బరువు, 25 రెట్ల మొండితనం. రెండు కొసల్లో బరువులున్న ట్రైలర్ ఊగడం మొదలుపెడితే టైర్లు దాన్ని ఆపడానికి చాలా కష్టపడాలి. కాబట్టి వెనక మోటారు ఉందని ముందు కొసన రాయి వేయడం నా లెక్కలో సగం వైద్యమే. పెట్రోలు డబ్బా, బ్యాటరీ, లంగరు ఇరుసు దగ్గరికి తేవాలి. అది చాలకపోతే పడవ మొత్తాన్ని ముందుకు జరపాలి. పై ఉదాహరణలో హుక్కు మీద 10 శాతం కావాలంటే పడవను 57 సెంటీమీటర్లు ముందుకు తేవాలి. అయితే పడవ వెనక అంచు ట్రైలర్ దిమ్మెల మీద ఆని ఉండాలి, గాలిలో వేలాడితే మోటారు బరువుకు డొల్ల వంగిపోతుంది. అంత చోటు లేకపోతే ఇరుసునే 45 సెంటీమీటర్లు వెనక్కి బిగిస్తే దాదాపు అదే ఫలితం. ఇరుసు పట్టీలను బోల్టులతో బిగించిన ట్రైలర్లయితే ఇది మెకానిక్‌కు ఒక పూట పని.

ఇప్పుడు మూసీ నీళ్లు పారే పిల్లాయిపల్లి కాలువ గట్టు పక్క పొలానికి రండి. వరి కోత అయింది, ట్రాక్టర్ డబ్బా నిండా గడ్డి. ఇక్కడ వేగం తక్కువ కాబట్టి ఊగే బాధ తక్కువ, ఎత్తుతో వచ్చే బాధ ఎక్కువ. గడ్డి లోడు గరిమనాభి ఇరుసుకు 2 మీటర్ల పైన ఉందనుకోండి. పొలంలోంచి రోడ్డెక్కే దారి 10 డిగ్రీల వాలు ఉంటే, ఆ బరువు 35 సెంటీమీటర్లు వెనక్కి జరిగినట్టే లెక్క. చదునులో సరిగ్గా కూర్చున్న డబ్బా ఎక్కుడులో హుక్కును పైకి ఎత్తుతుంది. ట్రాక్టర్ వెనక టైర్ల మీద బరువు తగ్గి పట్టు పోతుంది. పైగా గడ్డి కట్టలు వెనక తలుపు దాటి మీటరు వేలాడుతుంటే చెప్పక్కర్లేదు. అలాగని బరువంతా ముందు గోడకు తోసినా తప్పే: హుక్కు కుంగి ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. వడ్ల బస్తాలతో ఈ గొడవ తక్కువ. 40 కిలోల బస్తా ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, ఎత్తూ తక్కువ. మనుషులు మాత్రం అలా ఉండరు, లేస్తారు, ఒక పక్కకు ఒరుగుతారు. 2018 జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది చనిపోయారు. దానికి కారణం బరువు పంపకమని నేను అనడం లేదు. డబ్బా మనుషుల కోసం చేసింది కాదన్నదే నా మాట.

హుక్కు బరువు కొలవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. చిన్న ట్రైలర్ అయితే చదును నేల మీద, చక్రాలకు అడ్డం రాళ్లు పెట్టి, హుక్కు రోజూ ఉండే ఎత్తులోనే ఉండేలా ఒక కట్టె ముక్కను ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద నిలబెడితే చాలు. పెద్దవాటికి ధర్మకాంట ఉంది. ముందు ట్రైలర్‌ను విడదీసి ఒక్కదాన్నే తూకం వేయండి. తర్వాత కారుకో ట్రాక్టర్‌కో తగిలించి, ట్రైలర్ చక్రాలు మాత్రమే పళ్లెం మీద ఉండేలా మళ్లీ తూకం వేయండి. రెంటికీ తేడా హుక్కు మీది బరువు. పెట్రోలు, లగేజీ అన్నీ ఎక్కించాకే ఈ పని చేయాలి.

దారిలో ట్రైలర్ ఊగడం మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కకండి, దాటిపోతుందని వేగం పెంచకండి. ఎదురు తిప్పబోతే స్టీరింగ్ ఎప్పుడూ ఒక ఊపు ఆలస్యమవుతుంది, అది మంటకు గాలి. కాలు తీసేసి, స్టీరింగ్ నేరుగా పట్టుకుని బండిని దానంతట అదే నెమ్మదించనివ్వండి. ఆగాక సామాను సర్దకుండా మళ్లీ బయల్దేరకండి. చౌటుప్పల్ దాటి విజయవాడ దారిలో వెళ్లేవాళ్లయితే, హైవే ఎక్కకముందే ఎక్కడో ఒకచోట ధర్మకాంట మీద రెండు తూకాలు వేయించుకోండి.