నాచు మేసే చేపల సహవాసం

ప్రబంధకవులు సరోవరంలోని నాచును సుందరీమణుల కురులతో పోల్చి మురిసిపోయారు. ఇంటిలోని గాజుతొట్టెలో అదే నాచు పెరిగితే మాత్రం మనం విసుగుకొని, దానిని మేసే చేపలను వెదకుతాము. ఒకటి చాలదని రెండు మూడు జాతులను కలిపి విడుస్తాము. చిక్కు అక్కడే మొదలవుతుంది.

రెండంగుళాలకు మించని ఓటోసింక్లస్ చేపలు సాధుస్వభావం గలవి. ఆకులపై, అద్దాలపై పేరుకొన్న మెత్తని పొరను గుంపుగా గీకి తింటాయి. సయామీ నాచుచేప కుచ్చులుగా వ్రేలాడే నాచును మేస్తుంది. మేత వేరైనందున, తొట్టె విశాలమైతే ఇవి కలిసి బ్రతుకగలవు. చైనా నాచుచేప అటువంటిది కాదు. ఎదిగిన కొలదీ నాచును విడిచి, తోటి చేపల ఒంటిమీది జిగురును పీల్చి గాయపరుస్తుంది.

ఇక దక్షిణ అమెరికాకు చెందిన సక్కర్ చేప. కొన్నప్పుడు వేలెడంత ఉండి, అడుగు దాటి పెరుగుతుంది. తొట్టె చాలక, కొందరు జాలితో దానిని వాగులో విడుస్తారు. ఆ జాలి ఎంత చేటు! కృష్ణానదిలో ఇప్పటికే ఈ చేప జాలరుల వలలను చింపుతున్నది. స్థానిక చేపల మేతను హరిస్తున్నది. మన సిర్గాపూర్ ప్రాంతపు నల్లవాగు నీరు మంజీరలోను, మంజీర నీరు గోదావరిలోను కలుస్తాయి.