ఆ ఒక్క బిట్ కోసం

గిటారు కొనిపించే పాట వేరు, గిటారు నేర్పే పాట వేరు. ఆ తేడా తెలియకే చాలా గిటార్లు అటకెక్కుతున్నాయి.

వాయిద్యాల షాపుకి గిటారు చూడ్డానికి వచ్చిన కుర్రాడు ముందు ధర అడుగుతాడు. తర్వాత ఓ మూల స్టూలు మీద కూర్చుంటాడు. ఎవరూ తన వైపు చూడ్డం లేదని నమ్మకం కుదిరాక ఒక బిట్ ఎత్తుకుంటాడు. చాలాసార్లు ఆ బిట్ 'నీలే నీలే అంబర్ పర్' పాటదే అయి ఉంటుంది.

అది హిందీ పాటేనని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాని పుట్టిల్లు మద్రాసు. 1982లో తమిళ సినిమా 'పయణంగళ్ ముడివదిల్లై' కోసం ఇళయరాజా చేసిన 'ఇళయ నిలా' అది. పాడింది మన బాలు. ఏడాది తిరిగేసరికి కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ అదే బాణీని 'కలాకార్' సినిమాలో కిశోర్ కుమార్ చేత పాడించారు. తమిళ సినిమా 'అమరగీతం' పేరుతో తెలుగులోకీ వచ్చింది. భాష మారింది, గొంతు మారింది, గిటారు మాత్రం పాటను వదల్లేదు.

'ఇళయ నిలా'లో ఆ గిటారు మీటినవారు ఆర్. చంద్రశేఖర్. వాద్యకారుల పేర్లు తెర మీద వేసే అలవాటు అప్పట్లో మనకు లేదు కాబట్టి, ఆ పాట విని గిటారు పట్టినవాళ్లలో చాలామందికి ఆ వేళ్లు ఎవరివో తెలియదు. ఇళయరాజా సంగతి వేరే చెప్పాలా? సంగీత దర్శకుడు కాకముందు గిటారే ఆయనకు అన్నం పెట్టింది. ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల క్లాసికల్ గిటారు పరీక్షలో బంగారు పతకం తెచ్చుకున్నారు. సలీల్ చౌధురి లాంటివాళ్ల రికార్డింగుల్లో గిటారు వాయించారు. 1976లో 'అన్నక్కిళి' వచ్చింది. ఆ తర్వాత ఆయన పాటల్లో గిటారు పల్లవి వెనకాల తాళం కొడుతూ కూర్చోలేదు. ముందుకొచ్చి మాట్లాడింది.

చిక్కు అక్కడే ఉంది. ఆ బిట్ వినడానికి ఎంత తేలిగ్గా ఉంటుందో చేతికి అంత కష్టం. కుడిచేతి బొటనవేలు బేస్ తీగ మీద ఒక నడక నడుస్తూ ఉండగా మిగతా వేళ్లు సన్న తీగల మీద ఇంకో నడక నడవాలి. ఈలోగా ఎడమచెయ్యి కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, మార్చుకుంటూ పోవాలి. నెల రోజుల విద్యార్థికి ఇది మింగుడుపడే వ్యవహారం కాదు. షాపులో వినిపించేది కూడా మొదటి నాలుగు సెకన్లే. ఐదో సెకనులో కుర్రాడు తల గోక్కుని, గిటారు అక్కడ పెట్టి, ఇంకో మోడల్ చూపించమంటాడు.

పడమటి దేశాల షాపుల్లో ఈ పీఠం లెడ్ జెప్లిన్ వారి 'స్టెయిర్‌వే టు హెవెన్'ది. 1971 నాటి పాట. దాన్ని వినీ వినీ షాపులవాళ్లు ఎంత విసిగిపోయారో 1992లో 'వేన్స్ వరల్డ్' సినిమా చూపించింది. హీరో గిటారు అందుకుని ఆ బిట్ మొదలుపెట్టగానే షాపతను ఆపించి, గోడ మీది బోర్డు చూపిస్తాడు. ఆ పాట ఇక్కడ వాయించరాదు అని దాని సారాంశం. మన షాపుల్లో ఇంకా అలాంటి బోర్డు పెట్టలేదు. మనవాళ్ల ఓపిక గొప్పది.

ఇక చేతికి నిజంగా అందే పాటల్లో రాజు 'స్మోక్ ఆన్ ది వాటర్'. డీప్ పర్పుల్ బృందం 1971 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని మాంట్రో ఊరికి వెళ్లింది, అక్కడి కేసినోలో కొత్త ఆల్బమ్ రికార్డు చేద్దామని. డిసెంబరు 4న అదే కేసినోలో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ గన్ పేల్చారు. పైకప్పు అంటుకుంది, భవనం మొత్తం బూడిదైంది. పొగ జెనీవా సరస్సు మీద పరుచుకుంది. రికార్డింగుకు చోటు పోయిన బృందం ఊరంతా తిరిగి, చివరికి ఖాళీగా ఉన్న ఒక హోటల్లో సామాను దింపుకుని పని పూర్తి చేసింది. ఆ గొడవంతా పాటలో చెప్పేశారు. 1972లో 'మెషీన్ హెడ్' ఆల్బమ్‌లో వచ్చింది.

గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ దాన్ని రెండేసి తీగల మీద వేళ్లతో లాగి వాయిస్తాడు. కొత్తవాడికి అంత అక్కర్లేదు. ఒక్క తీగ చాలు. ఏమీ నొక్కకుండా ఒకసారి, మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డ మెట్టు), ఐదో ఫ్రెట్, మధ్యలో ఒక్కసారి ఆరో ఫ్రెట్. స్వరాలు నాలుగే. పావుగంటలో పక్కింటివాళ్లు కూడా గుర్తుపట్టేలా వాయించవచ్చు. ఇంట్లో ఎవరో తల తిప్పి "అరే, ఇది ఆ పాట కదా" అనడం విద్యార్థికి మొదటి జీతంతో సమానం. లక్షల మందిని గిటారు దగ్గర కూర్చోబెట్టిన ఈ బిట్‌ని కొమ్ములు తిరిగిన వాద్యకారులు కొందరు చులకనగా చూస్తారు. నాకు ఆ చులకన నచ్చదు. ఎంత గొప్ప గిటారిస్టయినా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి నాలుగు స్వరాల దగ్గరే మొదలుపెట్టి ఉంటాడు.

మెటాలికా వారి 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' ఇంకో అడుగు కిందికి దిగింది. జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఒక చేత్తో ఫోను పట్టుకుని మాట్లాడుతూ, ఖాళీగా ఉన్న రెండో చేత్తో ఊరికే తీగలు మీటుతుంటే పుట్టిందట ఆ బిట్. అందుకే మొదటి స్వరాలకు ఎడమచేతితో పనే లేదు. ఆరో తీగ, మూడు, రెండు, ఒకటి, అంతే. 1991లో అంత భీకరమైన హెవీ మెటల్ బృందం నుంచి వచ్చిన పాటని రెండో రోజు విద్యార్థి మీటగలడు. ఆ తర్వాతి భాగాలు మాత్రం అంత దయగా ఉండవు.

ఒకే ఒక పాట దేశం మొత్తం చేత గిటారు పట్టించిన సందర్భం చూడాలంటే 1956 నాటి బ్రిటన్‌కి వెళ్లాలి. లానీ డానెగన్ పాడిన 'రాక్ ఐలాండ్ లైన్' ఆ ఏడాది మోత మోగించింది. స్కిఫిల్ అంటారు ఆ సంగీతాన్ని. రెండు మూడు కార్డులు వచ్చిన గిటారు, బట్టలుతికే గరుకు రేకు, తేయాకు పెట్టెకు కర్ర, తాడు కట్టి చేసిన బేస్ ఉంటే బృందం తయారు. చేతిలో డబ్బు లేని కుర్రాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? వీధికో బృందం పుట్టుకొచ్చింది. లివర్‌పూల్‌లో జాన్ లెనన్ పెట్టిన క్వారీమెన్ వాటిలో ఒకటి. తల్లి జూలియా తనకొచ్చిన బాంజో పద్ధతిలో గిటారు శ్రుతి చేసి నేర్పింది కాబట్టి లెనన్ మొదట్లో ఆరు తీగల గిటారును నాలుగు తీగలదిగానే వాయించేవాడు. పెంచిన పెద్దమ్మ మిమీ మాత్రం గిటారు సరదాకి బాగానే ఉంటుంది గానీ దాంతో బతకలేవని మందలించేది. 1957 జులై 6న చర్చి ఉత్సవంలో పరిచయమైన పాల్ మెకార్ట్నీకి గిటారు సరిగ్గా శ్రుతి చేయడం వచ్చు. అతన్ని బృందంలో చేర్చుకోవడానికి అదీ ఒక కారణమైంది.

మెకార్ట్నీ తరచూ చెప్పే సంగతి ఒకటుంది. వాళ్లకి ఇ, ఎ కార్డులు తెలుసు. ఆ శ్రుతిలో పాట పూర్తి కావాలంటే బి సెవెన్ కావాలి. ఊరికి అవతలి కొసన ఎవరికో ఆ కార్డు తెలుసని విని, బస్సులెక్కి వెళ్లి, ఆయన ఇంట్లో కూర్చుని నేర్చుకుని వచ్చారు. ఒక్క కార్డు కోసం! ఇప్పుడు ఫోనులో పేరు కొడితే బొమ్మతో సహా వస్తుంది.

మన దగ్గర బస్సు బదులు టేపు రికార్డరు ఉండేది. ఎనభైల్లో, తొంభైల్లో గిటారు నేర్చుకున్నవాళ్లకు క్యాసెట్టే గురువు. వెనక్కి తిప్పడం, వినడం, మళ్లీ తిప్పడం. టేపు సాగిపోయి శ్రుతి అర మెట్టు దిగితే గిటారు కూడా దింపుకోవడమే. గిబ్సన్ గిటారు పేరు పుస్తకాల్లో చదివి, కలకత్తాలో చేసిన గివ్సన్ గిటారు కొనుక్కున్న తరం అది. గుంటూరు, కృష్ణా వైపు చాలామందికి అసలు బడి చర్చి. ఆదివారం ఆరాధనలో క్వయర్ వెనక నిలబడి, వారం వారం అవే నాలుగైదు కార్డులు కొట్టీ కొట్టీ చెయ్యి తిరిగేది. పాట ఆపడానికి వీల్లేదు, జనం పాడుతూనే ఉంటారు. కార్డు తప్పినా తాళం తప్పకుండా సాగిపోవడం అక్కడ అబ్బినట్టు ఏ క్లాసులోనూ అబ్బదు. తర్వాత పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో గిటారు పట్టినవాళ్లలో ఇలా వచ్చినవాళ్లు బోలెడు మంది.

తెర మీద గిటారు మనకు కొత్త కాదు. అయితే గిటారుతోనే పుట్టినట్టు వినిపించే తెలుగు పాటలు రావడానికి సమయం పట్టింది. రమణ గోగుల 1998లో 'ప్రేమంటే ఇదేరా'తో, మరుసటి ఏడాది 'తమ్ముడు'తో ఆ వాసన బలంగా తెచ్చారు. ఆయన గరుకు గొంతు కూడా దానికి తోడైంది. గొంతు బాగుంటేనే పాడాలన్న బెరుకు ఉన్నవాళ్లకి అది పెద్ద ధైర్యం. (ఆ గొంతే 2025 సంక్రాంతికి 'గోదారి గట్టు'తో మళ్లీ ఊరూరా మోగింది.) 2007లో 'హ్యాపీడేస్' వచ్చింది. శేఖర్ కమ్ముల కథ ఇంజినీరింగ్ కాలేజీది, మిక్కీ జె. మేయర్ పాటల్లో గిటారు ముందు వరసలో ఉంటుంది, పాడే కార్తీక్ గొంతు స్నేహితుడు పక్కన కూర్చుని పాడుతున్నట్టుంటుంది. రాష్ట్రం నిండా ఇంజినీరింగ్ కాలేజీలున్న కాలం, హాస్టల్ గదికి నలుగురు. ఇంకేం కావాలి? నలుగురిలో ఒకడు గిటారు కొన్నాడు, మిగతా ముగ్గురూ పాడారు. నాకు తెలిసి ఇంత మంది తెలుగు కుర్రకారు చేత గిటారు పట్టించిన సినిమా మరొకటి లేదు.

కానీ తెలుగు పాటతో నేర్చుకోవడంలో ఓ ఇబ్బంది ఉంది. మన పాట రాగం మీద నడుస్తుంది, గమకాలతో ఊగుతుంది. దాని కింద కార్డు పెట్టాలంటే ఎక్కడ మార్చాలో చెవికి తెలియాలి. చరణానికి ముందు వయొలిన్లు దారి మళ్లిస్తే చేతిలో ఉన్న ఒక్క గిటారు ఏం చేస్తుంది? పైగా గాయకులు పాడే శ్రుతి మన గొంతుకి అందదు. ఇక్కడే కేపో అనే చిన్న బిగింపు కాపాడుతుంది. పాట ఎఫ్ శ్రుతిలో ఉంటే మూడో ఫ్రెట్‌లో దాన్ని బిగించి, డి శ్రుతిలో వాయించినట్టు వాయిస్తే సరిపోతుంది. ఎఫ్ కార్డు బాధ కూడా తప్పుతుంది. చూపుడువేలిని అడ్డంగా పడుకోబెట్టి ఆరు తీగలూ ఒకేసారి నొక్కాల్సిన కార్డు అది. తీగలకు వేళ్ల కొసలు కాయలు కాయకముందే అది ఎదురైతే మనిషి విరక్తిలో పడతాడు.

ఆ విరక్తి ఎంత మందికో గిటార్లు అమ్మేవాళ్లే ఒప్పుకున్నారు. కొత్తగా గిటారు కొన్నవాళ్లలో 90 శాతం మంది ఏడాది లోపే వదిలేస్తారని ఫెండర్ కంపెనీ అప్పటి అధిపతి ఆండీ మూనీ చెప్పారు. ఆ కంపెనీ 2017లో ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టడం వెనక లెక్క ఇదే. సరిగమలతో కాకుండా విద్యార్థికి నచ్చిన పాటతోనే పాఠం మొదలవుతుంది. 2020 లాక్‌డౌన్‌లో ఇళ్లలో కూర్చున్న జనం ఎగబడడంతో ఆ కంపెనీ అమ్మకాలు రికార్డు సృష్టించాయి.

అదే కంపెనీ 2018లో చేయించిన అధ్యయనంలో అమెరికా, బ్రిటన్లలో కొత్తగా గిటారు పడుతున్నవాళ్లలో సగం మంది ఆడవాళ్లని తేలింది. ఆ సగానికి దారి వేసిన పాటల్లో ట్రేసీ చాప్‌మన్ 'ఫాస్ట్ కార్' ముఖ్యమైందని నా అభిప్రాయం. 1988 జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీ. స్టీవీ వండర్ వాద్యానికి చెందిన హార్డ్ డిస్క్ కనిపించకుండా పోయింది, ఆయన వేదిక ఎక్కలేనన్నారు. ఖాళీ నింపడానికి, అప్పటికే ఓసారి పాడి దిగిన చాప్‌మన్‌ని మళ్లీ పంపారు. పెద్దగా పేరు లేని 24 ఏళ్ల అమ్మాయి. బృందం లేదు, ఒక్క గిటారుతో ఆ పాట పాడింది. టీవీల ముందున్న ప్రపంచం చూసింది. మొదటి ఆల్బమ్ ఎక్కడికో వెళ్లిపోయింది. ఆ పాట బిట్ కూడా ఇంచుమించు రెండు మూడు వేళ్ల పనే, పాట పొడవునా తిరిగి తిరిగి వస్తుంది. 2023లో ల్యూక్ కోంబ్స్ మళ్లీ పాడాడు. 2024 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద ఇద్దరూ కలిసి పాడితే పాత రికార్డు మళ్లీ అమ్మకాల పట్టికల్లోకి ఎక్కింది.

మన తెర మీద మాత్రం గిటారు హీరో సొత్తు. 1973లో 'యాదోం కీ బారాత్'లో జీనత్ అమాన్ చేతికి వచ్చిన గిటారు, ఆ తర్వాత హీరోయిన్ల చేతికి చాలా అరుదుగా వచ్చింది. హీరోలు మాత్రం బాగా వాయించారా అంటే, ఎడమచెయ్యి కాసేపు చూడండి. పాటలో మూడు కార్డులు మారిపోయినా ఆ వేళ్లు ఉన్న చోటే ఉంటాయి.

అటకెక్కిన గిటార్లలో కొన్ని సెకండ్‌హ్యాండ్‌కి వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అవే మంచి బేరం. కొనేముందు గిటారు మెడను కన్ను దగ్గర పెట్టుకుని పొడవునా చూడండి, వంగి ఉంటే వద్దు. తీగలు ఫ్రెట్లకు మరీ ఎత్తున ఉంటే వేళ్లు కోసుకుపోతాయి, సరిచేయించాకే తీసుకోండి. పాత తీగలు ఎలాగూ తుప్పు పట్టి ఉంటాయి, కొత్త సెట్టు వేయించండి. మొదటి పాట ఏదో ఇంటికి చేరేలోపు తేల్చుకోండి. అందులో ఎఫ్ లేకుండా చూసుకోండి.